మోచేతి నొప్పి – టెన్నిస్ రాకెట్: మందుకు ముందు పనిముట్టును చూడండి

నా వైద్యశాల గరిడేపల్లిలో ఉన్నది. చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి పొలాలు. కావున నా వద్దకు వచ్చే మోచేతి నొప్పులలో అధిక భాగం పార పట్టినవారివి, గొడ్డలి ఎత్తినవారివి, తడి బట్టలు పిండే గృహిణులవి. టెన్నిస్ ఆడి మోచేతికి నొప్పి తెచ్చుకున్న రోగి నా నలభై ఏళ్ళ వైద్యంలో ఒక్కరే వచ్చారు. ఆమె నా చెల్లెలి మనుమరాలు. ఆ ఒక్క రోగి విషయంలోనే నేను పొరపాటు చేశాను. ఆ పొరపాటును, దాని వలన నేర్చుకున్న దానిని పాఠకులకు దాపరికం లేకుండా చెప్పదలచాను.

జరిగిన సంగతి

అమ్మాయికి పదహారేళ్ళు. హైదరాబాదులో చదువుతూ రోజూ రెండు గంటలు టెన్నిస్ ఆడుతుంది. సెలవులకు వచ్చినపుడు చేయి చాపి, "తాతయ్యా, మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా ఇక్కడ పొడిచినట్లుంటున్నది" అన్నది. మోచేతి బయటి వైపున ఉండే ఎముక బుడిపె మీద వేలితో నొక్కగానే చేయి లాక్కున్నది. అప్పటికే ఎముకల వైద్యునికి చూపి, ఎక్స్‌రే తీయించి, ఎముకలో దోషం లేదని నిర్ధారించుకొని వచ్చారు.

నేను మహానారాయణ తైలం ఇచ్చాను, వావిలాకు కాపడం చెప్పాను. పది రోజుల విశ్రాంతితో నొప్పి తగ్గినది. ఆటకు వెళ్ళగానే మరల వచ్చినది. తైలం మార్చాను, తగ్గినది, వచ్చినది. ఈ విధంగా రెండు నెలలు గడిచాయి. ఎదుట పెద్ద పోటీలున్నవి. తండ్రి ఫోనులో, "మామయ్యా, మీ మందు పనిచేయకపోతే సూది వేయిస్తాను, అది మాత్రం ఆడి తీరవలసిందే" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మా గురువుగారు గుర్తుకు వచ్చారు. గురుకులంలో ఉండగా మోచేయి నొప్పి అని ఎవరు వచ్చినా ఆయన మొదట, "నీవు పట్టే పనిముట్టు తీసుకొని రా" అనేవారు. గొడ్డలి అయితే కామను పట్టి చూసేవారు, కొడవలి అయితే పిడిని చూసేవారు. పిడి సన్నబడితే గుడ్డ చుట్టించేవారు. మందు ఆ తరువాతనే. పనిముట్లు పట్టే రైతులందరి విషయంలో ఆ పాఠం పాటించిన నేను, రాకెట్‌ను ఆటవస్తువుగా తలచి ఒక్కసారి కూడా అడగలేదు. మరునాడే రాకెట్‌తో రమ్మని కబురు చేశాను.

శాస్త్రం ఏమంటున్నది?

సుశ్రుతాచార్యుడు చెప్పిన 107 మర్మములలో మోచేతి కీలు వద్ద ఉండేది కూర్పర మర్మం. దీనిని ఆయన వైకల్యకర మర్మములలో చేర్చాడు. అనగా దానికి దెబ్బ తగిలితే ప్రాణం పోదు గాని చేయి పనికి రాకుండా పోవచ్చును. ముంజేతి నుండి వచ్చి మణికట్టును పైకి ఎత్తే కండరముల స్నాయువులు మోచేతి బయటి బుడిపెకు అంటుకొని ఉంటాయి. వాటికి ఓర్పుకు మించిన శ్రమ కలిగినపుడు వాతం ప్రకోపించి స్నాయువును ఆశ్రయిస్తుందని మన శాస్త్రం. అక్కడ సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, పూర్తిగా అతుకుకొనక ముందే మరల చీలుతాయని ఆధునిక వైద్యం. దీనినే వారు 'టెన్నిస్ ఎల్బో' అంటారు. పేరులో టెన్నిస్ ఉన్నా, ఈ వ్యాధి వచ్చేవారిలో ఎక్కువ మంది రాకెట్ ముఖం చూడనివారే. ముప్పై అయిదు దాటినవారిలో అధికం.

ఎంతటివారినైనా ఈ నొప్పి విడువదు. సచిన్ టెండూల్కర్ 2004లో దీనితో ఆటకు దూరమై, 2005లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆయన బ్యాటు బరువైనదని లోకవిదితం. మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జాను బాధించినది మోచేయి కాదు, మణికట్టు. 2008లో దానికి శస్త్రచికిత్స జరిగినది. ఆమె పట్టుదలతో తిరిగి వచ్చి, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచారు. చేయి విశ్రాంతి అడిగినపుడు ఇచ్చినవారికే ఆట దీర్ఘకాలం మిగులుతుంది.

మూడు రాకెట్లు – మూడు గుణములు

అమ్మాయి తన కొత్త రాకెట్‌తో పాటు, శిక్షకుడు అరువిచ్చిన మరొక దానిని, అటక మీద దొరికిన పాత చెక్క రాకెట్‌ను కూడా తెచ్చినది. మూలికలు తూచే త్రాసులో మూడింటిని తూచాను.

మొదటిది అమ్మాయిది. 280 గ్రాములు. గ్రాఫైట్‌తో చేసినది, ఫ్రేము మందం, ఏ మాత్రం వంగని బిగువు. దీనితో కొట్టిన బంతికి వేగం ఎక్కువ. ఏలయనగా బంతి తాకినపుడు ఫ్రేము వంగదు, కావున బలం వృథా కాక బంతికే చేరుతుంది. అయితే బంతి తంతులను తాకే ఆ సెకనులో వెయ్యింట అయిదు వంతుల కాలంలో పుట్టే అదురును ఆపుటకు తేలికైన రాకెట్‌లో బరువు లేదు, వంగుటకు ఫ్రేములో మెత్తదనం లేదు. ఆ అదురు నేరుగా చేతికి పోతుంది. తేలికగా ఉన్నది గదా, చేతికి సుఖమని తండ్రి కొన్నాడు. అందరూ చేసే పొరపాటే ఇది.

రెండవది చెక్కది. 380 గ్రాములు. 1980 ప్రాంతం వరకు ప్రపంచ విజేతలు కూడా చెక్క రాకెట్‌తోనే ఆడారు. చెక్క వంగుతుంది, అదురును తాను మింగుతుంది, బంతి అనుకున్న చోట పడుతుంది. కాని వేగం తక్కువ, తల చిన్నది, బరువుకు భుజం త్వరగా అలసిపోతుంది. నేటి ఆటకు చాలదు.

మూడవది శిక్షకునిది. 320 గ్రాములు. గ్రాఫైటే గాని కొంత వంగే గుణమున్నది. చూపుడు వేలి మీద నిలిపి చూడగా బరువు పిడి వైపు మొగ్గినది. అమ్మాయి రాకెట్‌లో బరువు తల వైపు ఉన్నది. పిడి వైపు బరువున్నది చేతిలో సులువుగా తిరుగుతుంది, మణికట్టును లాగదు.

వేగం, అదుపు, చేతి సుఖం – ఈ మూడు కూడా దోషత్రయం వంటివే. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుంది. ఆడేవారి బలానికి తగిన సమత్వమే కావలసినది.

కొనేవారు గమనించవలసినవి

1. బరువు: పెద్దలు చేయి అలసిపోకుండా తిప్పగలిగినంతలో కొంచెం బరువైనదే మేలు. పిల్లలకు వారి ఎత్తును బట్టి పొట్టి రాకెట్లు దొరుకుతాయి. పెద్దల రాకెట్ 27 అంగుళాలుంటుంది. "రేపు పెరుగుతాడు గదా" అని ముందుగా అది కొనరాదు.

2. తల: 95 నుండి 100 చదరపు అంగుళాల తల అదుపునకు, అంతకు పెద్దది వేగమునకు అనుకూలం. పెద్ద తలలో బంతి పక్కకు తగిలినా రాకెట్ మెలిదిరుగుట తక్కువ. నేర్చుకొనేవారికి అది మంచిది.

3. గట్టింగ్: తంతులు బిగిస్తే అదుపు, వదులు చేస్తే వేగం, చేతికి సుఖం. అమ్మాయి రాకెట్‌కు గట్టి పాలియెస్టర్ తంతులు 58 పౌండ్ల బిగువుతో ఉన్నవి. నొప్పి ఉన్నవారికి పాలియెస్టర్ తగదు. పశువుల ప్రేగుతో చేసే తంతులు మిక్కిలి మెత్తనివి, ఖరీదు ఎక్కువ. అవి వద్దనుకొనేవారికి సన్నని పోగులతో పేనిన మల్టీఫిలమెంట్ తంతులున్నవి.

4. పిడి: రాకెట్ పట్టుకొన్నపుడు వ్రేళ్ళ కొనలకు, అరచేతి మడమకు నడుమ రెండవ చేతి చూపుడు వ్రేలు పట్టవలెను. పట్టకపోతే పిడి సన్నము. సన్నని పిడిని గట్టిగా బిగించి పట్టవలసి వస్తుంది.

5. తంతుల నడుమ పెట్టే రబ్బరు బొత్తం చప్పుడును తగ్గిస్తుందే గాని చేతికి చేరే అదురును ఆపదు. దానిని నమ్ముకొనరాదు.

చికిత్స

వ్యాధికి కారణమైన దానిని విడుచుటే మొదటి చికిత్స. అమ్మాయి ఆరు వారాలు ఆట మానినది. తరువాత శిక్షకుని వంటి రాకెట్, మల్టీఫిలమెంట్ తంతులు, 50 పౌండ్ల బిగువు. ఇంటి వద్ద చేయదగినవి ఇవి.

కొత్తగా వచ్చిన నొప్పి, వేడి ఉంటే రెండు మూడు రోజులు చల్లని తడిగుడ్డ వేయవలెను, మర్దనం పనికిరాదు. పిమ్మట మహానారాయణ తైలం గాని, నువ్వుల నూనె గాని గోరువెచ్చగా చేసి పది నిమిషాలు మెల్లగా రాయవలెను. వావిలాకులను ఆవిరిలో మెత్తబరచి గుడ్డలో మూట కట్టి, వేడిని మొదట మంచి చేతి మీద పరీక్షించి, కాపడం పెట్టవలెను. స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు కాపడం విషయంలో మిక్కిలి జాగ్రత్త వహించవలెను.

నొప్పి తగ్గుముఖం పట్టిన తరువాత వ్యాయామం: ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి క్రిందికి ఉండగా, అర లీటరు నీటి సీసాను పట్టుకొనవలెను. రెండవ చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, సాయం వదలి మెల్లగా దించవలెను. పది సార్లు చాలు. వ్యాయామం బలంలో సగం మేరకే చేయమని పెద్దలు చెప్పినది మరువరాదు. గుగ్గులు మొదలైన లోపలి మందులు వైద్యుని అడుగక వాడరాదు.

వ్రేళ్ళలో తిమ్మిరి, కీలులో వాపు, చేయి చాపలేకపోవుట, జ్వరం ఉన్నా, క్రింద పడిన తరువాత నొప్పి వచ్చినా, ఎదిగే పిల్లలకు మోచేయి నొప్పి చేసినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఎముకల వైద్యునికి చూపవలెను.

అమ్మాయి ఆ పోటీలకు వెళ్ళలేకపోయినది. తండ్రి చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మూడవ నెలలో ఆమె నొప్పి లేకుండా ఆడుట మొదలుపెట్టినది, నేటికీ ఆడుతున్నది. నయం చేసినది తైలమా, రాకెట్ మార్పా అని ఎవరైనా అడిగితే, రాకెట్ మారక ముందు అదే తైలం నిలువలేకపోయినదని మాత్రం చెప్పగలను. మొదటి రోజే "నీ చేతిలో ఏమి పట్టుకొంటావమ్మా?" అని నేను అడిగి ఉంటే ఆమెకు ఆ రెండు నెలలు మిగిలేవి, ఆ పోటీలు కూడా మిగిలేవేమో. మీ ఇంట ఎవరైనా మోచేయి పట్టుకొని బాధపడుతుంటే, తైలం సీసా కోసం చేయి చాపక ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.