పడవ వెనక తగిలించే మోటారు

చిన్న పడవకు మోటారు బిగించడం ఒక ఎత్తు, ఆ మోటారు బలమంతా వృథా కాకుండా పడవకు అందేలా చూడటం మరో ఎత్తు. ముక్కు పైకెత్తుకుని, వెనక నురగలు కక్కుతూ, పెట్రోలు తాగుతూ, అయినా ముందుకు సాగని పడవలు ఏ రేవులో చూసినా కనిపిస్తాయి. యజమాని ఇంకా పెద్ద మోటారు కొనాలని లెక్కలు వేసుకుంటుంటాడు. చాలాసార్లు ఆ డబ్బు దండగే. ఉన్న మోటారును సరైన కోణంలో, సరైన ఎత్తులో, సరైన ప్రొపెల్లర్‌తో నడిపితే పడవ నడకే మారిపోతుంది.

తీసి పెట్టుకోగలిగే పడవ మోటారు ఆలోచన పాతదే. 1881లో గుస్తావ్ ట్రూవే అనే ఫ్రెంచివాడు విద్యుత్ మోటారును చుక్కానికే అమర్చి, పారిస్‌లో సేన్ నది మీద పడవ నడిపాడు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ పెట్రోలు మోటారు చేసి 1907లో పేటెంటు పొందాడు. అయితే దాన్ని ఇంటింటి సరుకు చేసినవాడు ఓలె ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, ఐదేళ్ల వయసులో విస్కాన్సిన్‌కు వచ్చి, యంత్రాల షాపుల్లో పని నేర్చుకున్నాడు. ఒక ఎండాకాలం పిక్నిక్‌లో కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీమ్ కావాలందట. ఇతను తెడ్లేసుకుంటూ సరస్సు దాటి వెళ్లి తెచ్చేలోపు అది కాస్తా కరిగిపోయిందట. మోటారు ఆలోచన అప్పుడే పుట్టిందని చెప్పుకుంటారు.

1909లో అతను అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి 1.5 హార్స్‌పవర్, బరువు 62 పౌండ్లు, అంటే 28 కిలోలు. సిలిండరు అడ్డంగా, క్రాంక్‌షాఫ్ట్ నిలువుగా, నెత్తిన ఫ్లైవీల్, నీళ్లలో గేర్లు, వాటికి ప్రొపెల్లర్. మూత తీసి చూస్తే నేటి మోటార్లలోనూ అమరిక దాదాపు ఇదే. వ్యాపారం, ప్రకటనలు, ఉత్తరాలు బెస్ చూసుకునేది. ఆమె ఆరోగ్యం దెబ్బతినడంతో ఓలె తన వాటా అమ్మేశాడు. కొన్నేళ్లపాటు ఆ వ్యాపారం జోలికి రానని ఒప్పందం రాసిచ్చాడు. గడువు తీరాక ఎల్టో అనే కొత్త మోటారుతో తిరిగొచ్చాడు. అల్యూమినియం వాడి చేసిన ఆ రెండు సిలిండర్ల మోటారు శక్తి 3 హార్స్‌పవర్, బరువు 48 పౌండ్లే. శక్తి రెట్టింపైంది, బరువు ఆరు కిలోలు తగ్గింది. నా దృష్టిలో అతని అసలు గొప్పతనం ఈ రెండో మోటారులోనే ఉంది. పడవకు చిట్టచివర వేలాడే బరువులో తగ్గే ప్రతి కిలో లెక్కకొస్తుంది.

ఎందుకో తెలియాలంటే పడవ నీళ్లలో ఎలా కదులుతుందో చూడాలి. నెమ్మదిగా వెళ్లే పడవ నీటిని పక్కలకు తోసుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ అది లేపే అల పొడవూ పెరుగుతుంది. నీటిని తాకే పొడవు 4 మీటర్లున్న పడవ గంటకు 9 కిలోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి అల పొడవు, పడవ పొడవు సమానమవుతాయి. అక్కడి నుంచి పడవ తన అలనే ఎక్కాల్సి వస్తుంది. ముక్కు లేస్తుంది, వెనక భాగం దిగబడుతుంది. ఆ గట్టు దాటగలిగితే పడవ నీటి మీదకు లేచి జారుతుంది. దాటలేకపోతే ఎంత థ్రాటిల్ తిప్పినా శక్తంతా అలలు లేపడానికే పోతుంది.

ఆ గట్టు దాటించే మొదటి మార్గానికి పైసా ఖర్చు లేదు. హ్యాండిల్ పట్టి నడిపే చిన్న పడవలో మోటారు బరువు, నడిపేవాడి బరువు, పెట్రోలు ట్యాంకు బరువు అన్నీ వెనకే ఉంటాయి. ట్యాంకును ముందుకు జరపాలి. హ్యాండిల్‌కు పొడిగింపు గొట్టం బిగిస్తే నడిపేవాడూ ముందుకు జరిగి కూర్చోవచ్చు.

తర్వాతది కోణం. మోటారు బిగించే బ్రాకెట్‌లో వరుసగా రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి. పిన్ను లోపలి రంధ్రంలో ఉంటే మోటారు పడవకు దగ్గరగా వాలి ముక్కును కిందికి నొక్కుతుంది. బయటి రంధ్రంలో ఉంటే ముక్కును లేపుతుంది. మరీ లోపలికైతే ముక్కు నీళ్లను దున్నుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. మరీ బయటికైతే పడవ ఎగిరెగిరి పడుతుంది. పెద్ద మోటార్లలో ఈ పని బటన్ నొక్కితే జరుగుతుంది. చిన్నవాటిలో మోటారు ఆపి, పిన్ను మార్చి, మళ్లీ నడిపి చూసుకోవాల్సిందే.

ఎత్తు విషయానికొస్తే, ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఒక పలక కనిపిస్తుంది. అది పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం పైనో ఉండాలి. మోటారు మరీ కిందికుంటే నీటి ఒరిపిడి పెరుగుతుంది. మరీ పైకుంటే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది. ఇంజను ఒక్కసారిగా గీపెడుతుంది, పడవ మాత్రం ఆగినట్టవుతుంది.

ఇక ప్రొపెల్లర్. మరమేకు చెక్కలోకి దిగినట్టు ఒక్క చుట్టుకు అది నీటిలో ఎంత ముందుకు పోవాలో చెప్పే కొలతే పిచ్. ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరుగుతోందనుకుందాం. గేర్ల వల్ల ప్రొపెల్లర్‌కు అందులో సగం, అంటే 2750 చుట్లు అందుతాయనుకుందాం. పిచ్ 11 అంగుళాలైతే పడవ గంటకు 46 కిలోమీటర్లు పోవాలి. నీరు చెక్క కాదు కాబట్టి కొంత జారుడు తప్పదు. 15 శాతం పోతే మిగిలేది 39. పిచ్ ఎక్కువైతే ఇంజను పూర్తి చుట్లు అందుకోలేక లోలోపలే నలిగిపోతుంది. తక్కువైతే హద్దు దాటి తిరుగుతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. అందుకే కొత్త ప్రొపెల్లర్ కొనేముందు, మామూలుగా మోసే బరువు వేసి, పూర్తి థ్రాటిల్‌లో ఇంజను చుట్లు చూపే టాకోమీటర్ చూడాలి. ఆ అంకె మోటారు పుస్తకంలో చెప్పిన హద్దుల మధ్య ఉంటే ప్రొపెల్లర్ సరైనదే.

ఇవన్నీ సరిచేసినా పడవ లొంగకపోతే దాన్ని బోర్లించి, అడుగున వెనక వైపు పొడవాటి తిన్నని బద్ద ఆనించి చూడాలి. అక్కడ గుంట ఉంటే ముక్కు కిందికి నొక్కుకుపోతుంది, ఉబ్బు ఉంటే పడవ ఎగిరెగిరి పడుతుంది. పాత ఫైబర్ పడవల్లో లోపలి ఫోమ్ నీళ్లు పీల్చి, కంటికి కనిపించని బరువు మోయిస్తుంటుంది.

ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఓబీఎం (ఔట్‌బోర్డ్ మోటార్) అని పిలుచుకునే ఈ యంత్రం మాత్రం మన విపత్తు దళాలకు నిత్యావసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు జనాన్ని బయటికి తెచ్చిన రబ్బరు పడవల వెనక ఉన్నది ఇదే. అలాంటి పడవ ఖాళీగా వెళ్లి నిండా మనుషులతో తిరిగొస్తుంది, అంటే దాని తూకం ప్రతి ట్రిప్పుకూ రెండుసార్లు మారుతుంది. అందరూ వెనక గుమిగూడకుండా మధ్యలో ఇరువైపులా సమంగా కూర్చోవాలి. మలుపులో థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేయకూడదు. వేరే చుక్కాని ఉండదు కనుక తోపుడు ఆగితే స్టీరింగూ దాదాపు పోతుంది. నడిపేవాడు ఆపుడు తాడును మణికట్టుకు తగిలించుకోవాలి. అతను నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగుతుంది, ప్రొపెల్లర్ రెక్కలు నిలిచిపోతాయి.