పొగల నేల మీద ప్రయాణం

ఐస్‌లాండ్‌లో విమానం దిగినవాళ్లు మొదట అడుగు పెట్టేది రాజధాని రేక్యావిక్‌లో కాదు. కెఫ్లావిక్ విమానాశ్రయం అక్కడికి దాదాపు 50 కిలోమీటర్ల దూరాన, రేక్యానెస్ ద్వీపకల్పం మీద ఉంది. ఆ పేరులోనే పొగ ఉంది: ‘రేక్యా’ అంటే పొగ, ‘నెస్’ అంటే సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల. చెట్టు కనబడటం అరుదు. కనుచూపు మేరా నల్లటి లావా రాళ్లు, వాటిని కప్పిన మెత్తటి నాచు.

అట్లాంటిక్ అడుగున సాగే పర్వతశ్రేణి నీళ్లలోంచి లేచి ఒడ్డెక్కేది ఇక్కడే. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. శాండ్విక్ దగ్గర ఒక ఇసుక చీలిక మీద ‘ఖండాల మధ్య వంతెన’ కట్టారు. చెరో కొసనా నిలబడి ఫొటోలు దిగడం సరదాగానే ఉంటుంది కానీ, ఫలకాల సరిహద్దు ఒక్క గీత కాదు. కిలోమీటర్ల వెడల్పున ఎన్నో చీలికలు ఆ ఎడబాటును పంచుకుంటున్నాయి. వంతెన కింద ఉన్నది వాటిలో ఒకటి.

అక్కడికి దగ్గరలోనే గున్నుహ్వేర్ బురద కుతకుత ఉడుకుతూ ఉంటుంది. గున్నా అనే దెయ్యాన్ని ఒక మతగురువు ఉపాయంతో ఇందులో పడేశాడని కథ. లోపలికి ఇంకిన సముద్రపు నీరే వేడెక్కి ఇలా ఆవిరై పైకి తంతుంది. తీరానికి ఎదురుగా ఎల్డే దీవి. ఎగరలేని గ్రేట్ ఆక్ పక్షుల చివరి జంటను 1844లో మనుషులు చంపింది ఆ రాళ్ల మీదే.

అందరూ వెతుక్కుంటూ వెళ్లేది మాత్రం బ్లూ లగూన్‌కి. అది ప్రకృతి తవ్విన కొలను కాదు. 1976లో మొదలైన స్వార్ట్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం వాడి వదిలిన నీటిని లావా రాళ్ల మీదికి పారించారు. రాయి నిండా బెజ్జాలే, నీరు ఇట్టే ఇంకిపోవాలి. ఇంకలేదు. భూగర్భంలోని వేడికి నీటిలో కరిగిన సిలికా, పైకొచ్చి చల్లారగానే తెల్లటి అడుసులా విడివడి బెజ్జాలను పూడ్చేసింది. నీరు నిలిచింది. ఆ సిలికా రేణువులే వెలుగులోని నీలాన్ని చెదరగొట్టి కొలనుకు పాలు కలిపిన నీలిరంగు తెచ్చాయి.

దాదాపు 800 ఏళ్లు నిద్రపోయిన ద్వీపకల్పం 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ కొండ దగ్గర మేలుకుంది. 2025 జూలై నాటికి 12 సార్లు లావా కక్కింది. 2023 నవంబర్ 10 రాత్రి, లావా వస్తుందన్న భయంతో గ్రిండవిక్ అనే రేవు ఊరు ఖాళీ అయింది. సుమారు 3,800 మంది ఇళ్లు వదిలి వెళ్లారు. రెండు నెలలకు లావా మూడు ఇళ్లను కాల్చేసింది. 2024 ఫిబ్రవరిలో లావా తగిలి వేడినీటి గొట్టం తెగి, ఆ చలికాలంలో వేల ఇళ్లు చల్లబడ్డాయి. నేల వేడితోనే ఇళ్లు వెచ్చబెట్టుకునే జనం వాళ్లు. ఆ ఏడాది నవంబర్‌లో బ్లూ లగూన్ కార్ల పార్కింగ్ స్థలం లావా కింద పూడిపోయింది.

విద్యుత్ కేంద్రం చుట్టూ, ఊరి చుట్టూ మట్టికట్టలు పోశారు. గ్రిండవిక్ దారిని లావా ముంచేస్తే, అది పూర్తిగా చల్లారకముందే దాని మీదే కంకర పరిచి కొత్త రోడ్డు వేశారు.