దుబాయ్‌లో ఉన్నవాళ్ల ఓటు

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో ఓటరు జాబితా సవరణకు బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఇంటింటికీ తిరిగితే, చాలా గడపల్లో వినిపించే జవాబు, “మా ఆయన దుబాయ్‌ల ఉన్నడు”. వెళ్లింది మస్కట్‌కైనా రియాద్‌కైనా ఇక్కడివాళ్లకు అది దుబాయే. ఆ మాట విన్న బీఎల్‌ఓ మనిషి ఊళ్లో లేడని రాసుకుంటాడు. పేరు తీసేయాలని ఎవరైనా ఫారం 7 ఇచ్చి, విచారణలో ఇంటివాళ్లు సరిగా చెప్పుకోలేకపోతే ఓటు గల్లంతవుతుంది.

దీనికి చట్టంలో విరుగుడు ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ 20ఎ సెక్షన్‌ను చేర్చింది. పరాయి దేశ పౌరసత్వం తీసుకోని భారతీయుడు చదువు కోసమో పని కోసమో బయట ఉన్నా, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీదే సొంతూరి జాబితాలో ఓటరుగా ఉండొచ్చు. అందుకు ఫారం 6ఎ నింపాలి. ఫొటో, పాస్‌పోర్టులో వివరాలున్న పేజీల నకళ్లు, వీసా నకలు జతచేసి ఆన్‌లైన్‌లో పంపొచ్చు. వీళ్లకు ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టు చూపాలి.

చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. పాస్‌పోర్టు చూపాలంటే మనిషి తన బూత్‌కు రావాలి. సెలవు కఫీల్ (అక్కడి యజమాని) చేతిలో ఉన్న కూలీ, టికెట్ డబ్బులు పెట్టుకొని ఒక్క ఓటు కోసం ఎలా వస్తాడు? 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు సుమారు 1.19 లక్షలు. వచ్చి ఓటేసినవారు 2,958 మంది. వాళ్లలో అత్యధికులు కేరళవాళ్లు.

అదే గల్ఫ్ నగరంలో మన రాయబార కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికి మాత్రం ఈ బాధ లేదు. సరిహద్దులోని సైనికుడిలా అతనూ సర్వీస్ ఓటరే. 2016 నుంచి బ్యాలెట్ కంప్యూటర్‌కే వస్తోంది. ముద్రించుకొని, ఓటేసి, పోస్టులో పంపుతాడు. ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు భారతీయుల్లో ఒకరికి దారి ఇచ్చి మరొకరికి ఇవ్వకపోవడం అన్యాయం.

అమెరికాలో 1986 నాటి చట్టం బయటి దేశాల్లో ఉన్న పౌరులకు జాతీయ ఎన్నికల్లో గైర్హాజరు ఓటు హక్కు కల్పించింది. హైదరాబాద్‌లో ఉంటున్న అమెరికన్ ఒకే దరఖాస్తుతో ఓటరు నమోదూ, బ్యాలెట్ కోరడమూ ముగించుకుంటాడు. ఎన్నికలకు కనీసం 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని 2009లో మరో చట్టం తెచ్చారు.

మన దగ్గర ప్రవాసుల తరఫున మరొకరు ఓటేసే ప్రాక్సీ పద్ధతికి 2018లో లోక్‌సభ ఆమోదం తెలిపినా, సభ గడువు తీరడంతో బిల్లు మురిగిపోయింది. అది పోవడమే మంచిదైంది. ఊళ్లో ఉన్న అన్న చేతికి తమ్ముడి ఓటు అప్పగిస్తే రహస్యం ఎక్కడుంటుంది? బ్యాలెట్టే కూలీ దగ్గరకు వెళ్లాలి. సర్వీస్ ఓటర్ల ఎలక్ట్రానిక్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇస్తామని 2020లో ఎన్నికల సంఘమే కేంద్రానికి రాసింది. లేబర్ క్యాంపులో ఓటు రహస్యాన్ని ఎవరు కాపాడాలి, ధ్రువీకరణ సంతకం ఎవరు పెట్టాలి అన్నవి నిజమైన ప్రశ్నలే. కానీ జవాబు వెతకడానికి ఇన్నేళ్లు అక్కర్లేదు.

ఈలోగా ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. పాస్‌పోర్టు నకలు తెప్పించుకొని, ఫారం 6ఎ నింపడంలో అతనికి సాయపడటం. శాశ్వతంగా తిరిగొచ్చాక అతను మళ్లీ మామూలు ఓటరుగా ఫారం 6తో నమోదు కావాలి.