అయిదున్నర గంటల అబద్ధం

పిల్లలూ! ఒకే కంప్యూటరుకు ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో తెలుసా? మా ఇంట్లో అటువంటి కంప్యూటరు ఉంది. దాని మూలంగా నేను మా మనవణ్ణి అన్యాయంగా కోప్పడ్డాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

కంప్యూటరు ఉత్త యంత్రం. బొమ్మ కదలాలన్నా, పాట వినపడాలన్నా దానిచేత పని చేయించే యజమాని ఒకడుండాలి. ఆ యజమానినే ఆపరేటింగ్ సిస్టం అంటారు. చాలా ఇళ్ళలో ఈ పని విండోసు చేస్తుంది. లినక్సు అనేది మరొకటి. దీన్ని 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పటికతని వయస్సు 21 ఏళ్ళు.

మా మనవడికి రెండూ కావలసివచ్చాయి. ప్రోగ్రాములు రాయటం నేర్చుకోవటానికి లినక్సు, ఆటలకు విండోసు. 2018లో ప్రోటాన్ అనే సాధనం వచ్చాక విండోసు ఆటలు అనేకం లినక్సులోనూ ఆడవచ్చు. అయితే ఆటలో మోసం చేసేవాళ్ళను పట్టుకునే కాపలా ప్రోగ్రాము ఉన్న వాలొరెంట్ వంటి ఆటలు కొన్ని ఇంకా విండోసులోనే ఆడాలి.

అందుకని వాడు కంప్యూటరులోని డిస్కును రెండు వాటాలు చేశాడు. అంతకుముందే ఇంటి ఫోటోలకూ, పాఠాలకూ నకళ్ళు తీసి మరొకచోట దాచాడు. ఎందుకంటే, వాటాలు వేయటంలో పొరపాటు జరిగితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోవచ్చు!

ఇప్పుడు మీట నొక్కగానే బూట్ లోడరు అనే చిన్న ప్రోగ్రాము మేలుకుని, "ఎవరిని లేపమంటారు?" అన్నట్టు రెండు పేర్లూ చూపుతుంది. మనం కోరినవాడు లేస్తాడు. రెండోవాడు నిద్రపోతూనే ఉంటాడు. యంత్రం బలమంతా లేచినవాడిదే గనుక ఆటలు చక్కగా సాగుతాయి.

మా ఇంట్లో ఆటలు సాయంత్రం ఆరింటివరకే. ఒకనాడు గోడగడియారం ఆరు కొట్టింది. వాడి ఆట ఆగలేదు. వెళ్ళి చూద్దును గదా, కంప్యూటరులో టైము 12:30 అని ఉంది!

"ఏరా, ఆటకోసం గడియారాన్నే వెనక్కి తిప్పావా?" అన్నాను.

"నేను ముట్టుకోలేదు, తాతయ్యా!" అన్నాడు వాడు.

నేను నమ్మలేదు. వారం రోజులపాటు ఆటలు లేవన్నాను. వాడు ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

నాకు నిద్ర పట్టలేదు. ఆరింటికీ, పన్నెండున్నరకూ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఎన్నో ఏళ్ళు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి, ఆ లెక్క నాకు కొత్త కాదు! ఇంగ్లండులోని గ్రీన్విచ్ నుంచి రేఖాంశాలు లెక్కిస్తాం. మన దేశ కాలానికి ఆధారమైన రేఖాంశం 82½ డిగ్రీల తూర్పు. అది ఆంధ్రప్రదేశ్ గుండా కూడా పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. మనవడే తిప్పి ఉంటే, సరిగ్గా అంతే ఎందుకు తిప్పుతాడు?

తెల్లవారి ఇద్దరమూ కూర్చుని కారణం పట్టుకున్నాం. కంప్యూటరులో చిన్న బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. కంప్యూటరు ఆపినా అది ఆగదు. లినక్సు దానిలో గ్రీన్విచ్ కాలం ఉంచి, మనకు చూపేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోసు మాత్రం అందులో ఉన్నది మన కాలమే అనుకుని ఉన్నదున్నట్టు చూపుతుంది. లినక్సు తరవాత విండోసును లేపితే ఇదే చిక్కు! ఎవరూ అబద్ధమాడలేదు. ఒకడు రాసినదాన్ని ఇంకొకడు వేరుగా చదివాడు, అంతే.

ఆ గడియారంలో మన కాలమే ఉంచమని లినక్సుకు ఒక ఆజ్ఞ ఇచ్చాం. చిక్కు విడిపోయింది.

"పొరబడ్డానురా. విచారించకుండానే శిక్ష వేశాను," అన్నాను.

"అయితే శిక్ష రద్దేనా, తాతయ్యా?" అన్నాడు వాడు నవ్వుతూ.

రద్దు చేశాను. కాని ఆరింటి నియమం మాత్రం పోలేదు. దానికి మా గోడగడియారమే సాక్షి!