జపానువారి యింటి యాచారములు



1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు విడిచినవి. పట్టణవాసు లనేకులు మూటముల్లెలతో పల్లెలకు తరలిపోయిరి. ఆ విమానములు పంపిన దేశమున సామాన్యగృహస్థుడు తన యింట నెట్లు మెలగునో మనకు నాడును తెలియదు, నేడును అంతగా తెలియదు. ఇప్పుడో, తెలుగుబిడ్డలు చదువులకును కొలువులకును ఆ దేశమునకే పోవుచున్నారు. పయనమగు బాలునకు ఇంటిపెద్ద చెప్పి పంపదగిన మాటలు కొన్ని కలవు.

పాదరక్షలు వాకిట విడుచుట మనకు అలవాటే గనుక ఆ విషయమున భయము లేదు. చిక్కంతయు భోజనమునొద్ద. జపానువారును మనవలె అన్నము తినువారే. కాని చేతితో గాక, 'హాషి' అను రెండు పుల్లలతో తిందురు. ఆ పుల్లలను అన్నపుగిన్నెలో నిలువుగా గ్రుచ్చరాదు. మృతుని తలకడ నుంచు అన్నమునకే అట్లు గ్రుచ్చుదురు. ఒకరి పుల్లలనుండి మరియొకరు తమ పుల్లలతో పదార్థము నందుకొనుటయు తగదు. దహనమైన పిదప బంధువులు పుల్లలతోనే ఎముకల నేరి, ఇరువురు కలిసి పట్టి, కలశమున నుంతురు. పాదముల యెముకలు ముందు, శిరస్సువి కడపట. కలశములో మృతుడు తలక్రిందుగా నుండరాదని వారి భావము. అస్థిసంచయన మెరిగిన మనకు ఇది వింత గాదు. అట్టి పనిని తలపించు చేష్టను విందులో ఎవరు సహింతురు?

శుభమున కొక రీతి, అశుభమునకు దాని విపర్యాసము: ఇదియే వారి సూత్రము. కిమోనో అను వస్త్రమును నిత్యము ధరించువారు ఇప్పుడు తక్కువ. ధరించునపుడు మాత్రము ఎడమ అంచు పైకి రావలెను; శవమునకు కుడి అంచు పైకి. స్నానమునకు వేడినీళ్లలో చన్నీళ్లు కలుపుదురు. శవమును కడుగుటకు చన్నీళ్లలో వేడినీళ్లు పోయుట ఆచారము. పితృకార్యమున జందెమును అపసవ్యముగా వేసికొను మనవారికి దీనిని వేరుగ బోధింప నక్కరలేదు. ఉత్తరమునకు తల యుంచి పరుండరాదను నిషేధము ఉభయులకును సమానమే. వారు చెప్పు కారణము వేరు: బుద్ధుడు ఉత్తరశిరస్కుడై నిర్యాణము చెందెనట.

మన శాలిహుండము కొండమీదను రామతీర్థము నొద్దను స్తూపములు నిలిపిన బౌద్ధమే క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున కొరియా మీదుగా జపాను చేరినది. నేటికిని అచ్చట ఉత్తరక్రియలు ఎక్కువగా బౌద్ధవిధి ననుసరించియే జరుగును. అయినను పై యాచారము లన్నియు బుద్ధుడే నేర్పె ననుకొనరాదు.

పలుచోట్ల ఆగస్టు మధ్యమున 'ఓబోన్' అను పితృదినములు వచ్చును. మన మహాలయపక్షము వంటివే. కొన్ని సీమలలో అప్పుడు కీరదోసకాయకును వంకాయకును పుల్లలు గ్రుచ్చి కాళ్లమర్చి యింట నుంతురు. దోసకాయ గుర్రము, వంకాయ ఆవు. పితరులు ఇంటికి వేగముగా వచ్చుటకు గుర్రము. మరలి పోవునపుడు మెల్లగా నడచుటకు ఆవు.