కుటుంబంతో విదేశానికి వెళ్ళేవారికి: ఖర్చులు, కాగితాలు



చదువుకో ఉద్యోగానికో ఒక్కరే విదేశానికి వెళ్ళేటప్పుడు ఒక పాస్‌పోర్టు, ఒక వీసా, ఒక టికెట్టు సరిపోతాయి. భార్యాభర్తలు పిల్లలతో కలిసి బయలుదేరితే లెక్క పూర్తిగా మారిపోతుంది. రుసుములు మనిషికింత అని పెరుగుతాయి. ఇది ముందే కూడుకోగల ఖర్చు. చాలామంది లెక్కలోకి తీసుకోనిది కాగితాల వల్ల జరిగే ఆలస్యం. సర్టిఫికెట్లో ఒక్క అక్షరం తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా వీసా గడువు, కాలేజీ సీటు, పిల్లల బడి సంవత్సరం చేజారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ వ్యాసంలో ముందు కాగితాల సంగతి, తర్వాత డబ్బు సంగతి చెప్పుకుందాం.

రెండు రాష్ట్రాల కుటుంబాలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్ళాయి. బళ్ళారితో సహా మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. గీత పడింది గానీ వియ్యాలు ఆగలేదు. అందువల్ల మన ఇళ్ళలో కాగితాలు సగం అటు, సగం ఇటు ఉంటాయి.

ఒక కుటుంబాన్ని ఉదాహరణకు తీసుకుందాం. తండ్రిది బళ్ళారి. తల్లి పుట్టిల్లు రాయదుర్గం. మొదటి కాన్పు ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లో జరిగింది. రెండో బిడ్డ బళ్ళారిలో పుట్టింది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కాబట్టి పెద్దబిడ్డ జనన పత్రం ఆంధ్రప్రదేశ్ నుంచి, చిన్నబిడ్డది కర్ణాటక నుంచి రావాలి. తండ్రి ఎస్.ఎస్.ఎల్.సి. కర్ణాటక బోర్డుది, తల్లి పదో తరగతి ఆంధ్ర బోర్డుది. పెళ్ళి రాయదుర్గంలో జరిగి రిజిస్టరు కాకుండా ఉంటే, ఇప్పుడు ఆ పని కూడా చూసుకోవాలి. విదేశీ అధికారికి ఈ చరిత్ర తెలియదు. ఆయన చూసేది నాలుగు కాగితాల్లో ఒకే పేరు, ఒకే తేదీ ఉన్నాయా లేదా అన్నదే.

పేర్లు సరిచూసుకోండి

ముందుగా ఒక తెల్లకాగితం మీద కుటుంబంలో ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఏ కాగితంలో ఎలా ఉన్నాయో అక్షరం వదలకుండా రాసుకోండి. సాధారణంగా కనిపించే తేడాలు ఇవి:

1. ఆంధ్ర వైపు ఇంటిపేరు ముందు రాస్తారు. కర్ణాటక బడుల్లో పొడి అక్షరం తరచు పేరు చివర వస్తుంది. ఒకే మనిషి రెండు కాగితాల్లో ఇద్దరుగా కనిపిస్తాడు.

2. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసాపై రానివ్వబోమని 2022 నవంబరులో యు.ఏ.ఈ. ప్రకటించినప్పుడు ఎందరో ఇబ్బంది పడ్డారు.

3. పెళ్ళి తర్వాత తల్లి ఇంటిపేరు ఆధార్‌లో మారి, పదో తరగతి సర్టిఫికెట్లో పాతదే ఉండిపోతుంది.

4. బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు చేయించినందువల్ల జనన పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది. పేరు చేర్చడం నమోదైన 12 నెలల లోపు ఉచితం. ఆ తర్వాత 15 సంవత్సరాల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు.

5. పాత కాగితాల్లో "బెళ్ళారి" అని ఆంగ్ల స్పెల్లింగు ఉంటుంది. 2014 నవంబరు 1 నుంచి అధికారిక పేరు "బళ్ళారి". హొసపేట 2021లో కొత్త విజయనగర జిల్లాలోకి వెళ్ళింది. ఊరి పేరులో ఈ మార్పు తప్పేమీ కాదు. అయితే దరఖాస్తులన్నిటిలోనూ ఒకే విధంగా రాయండి, అడిగితే వివరణ ఇవ్వండి.

చిన్న తేడాలకు నోటరీ అఫిడవిట్ కొన్నిచోట్ల పనికొస్తుంది. పుట్టిన తేదీ తేడాకు దాన్ని నమ్ముకోవద్దు. మూల పత్రాన్నే సరిచేయించండి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన పత్రం ఒక్కటే చెల్లుతుందని కూడా గమనించగలరు.

పాస్‌పోర్టు, ధ్రువీకరణ

36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు పెద్దలకు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000 రూపాయలు. మన ఉదాహరణలోని కుటుంబానికి 5,000 రూపాయలు. తత్కాల్ కావాలంటే మనిషికి మరో 2,000. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్ళకే ఉంటుంది, గడువు చూసుకోండి. ఇక్కడి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు కూడా పాస్‌పోర్టు కార్యాలయం ద్వారానే వస్తుంది. రుసుము 500 రూపాయలు.

పదో తరగతి పాసైన సర్టిఫికెట్టు చూపనివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతిలోకి వెళ్ళవచ్చు. అలాంటివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికోసం వెళ్ళాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. కాబట్టి పాత మార్కుల కార్డు పోయినవారు నకలు కోసం ఇప్పుడే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

ఇక అపోస్టిల్ అనే ముద్ర. మన దేశం 2005లో ఈ ఒప్పందంలో చేరింది. ఇందులో ఉన్న దేశాలకు మన విదేశాంగ శాఖ ముద్ర చాలు. యు.ఏ.ఈ., కువైట్ వంటి దేశాలు ఇందులో లేవు. వాటికి ఆ దేశపు ఎంబసీ ధ్రువీకరణ కూడా కావాలి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునేది పత్రానికి 50 రూపాయలు మాత్రమే. దరఖాస్తులు స్వీకరించే ఏజెన్సీల సేవా రుసుము, రాకపోకల ఖర్చు దీనికి అదనం. దీనికన్నా ముందు ఏ రాష్ట్రం ఇచ్చిన పత్రాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వమే ధ్రువీకరించాలి. రాయదుర్గంలో పుట్టిన పెద్దబిడ్డ పత్రాన్ని బెంగళూరు తీసుకెళితే పని జరగదు. అనంతపురంలోనో హైదరాబాదులోనో ఇంజనీరింగు చదివినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అన్ని పత్రాలకూ ముద్ర వేయించి డబ్బు వృథా చేసుకోకండి. వెళ్ళే దేశం ఏవి అడిగిందో చూసి వాటికే చేయించండి.

కన్నడంలోనో తెలుగులోనో చేతిరాతతో ఉన్న పాత పత్రాలకు ఆంగ్ల అనువాదం కావాలి. కెనడా దరఖాస్తుకు కుటుంబసభ్యులు చేసిన అనువాదం చెల్లదు.

డబ్బు లెక్క

ఒక మనిషికి, నలుగురికి ఎంత తేడా ఉంటుందో రెండు ఉదాహరణలు చూద్దాం.

కెనడా శాశ్వత నివాసానికి 2024 ఏప్రిల్ 30 నుంచి అమలైన రుసుముల ప్రకారం దరఖాస్తుదారుకు 1,525 కెనడా డాలర్లు, భార్యకో భర్తకో మరో 1,525, ఒక్కో బిడ్డకు 260. వేలిముద్రలకు కుటుంబానికి 170. నలుగురికి మొత్తం 3,740 డాలర్లు. వైద్య పరీక్షలు, అనువాదాలు వేరు. ఇది కాక ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చాలామంది చేతిలో ఉన్న సొమ్ము చూపించాలి. 2025 జూలైలో ప్రకటించిన ప్రకారం ఒక్కరికి 15,263 డాలర్లు, నలుగురికి 28,362. ఇది అప్పు తెచ్చిన సొమ్ము కాకూడదు. పొలం, ఇల్లు విలువ ఇందులోకి రాదు. పది ఎకరాల మాగాణి ఉన్న రైతు కూడా బ్యాంకులో నిల్వ లేకపోతే ఇక్కడ ఆగిపోవలసిందే.

బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ఉద్యోగ వీసాకు ఆరోగ్య రుసుము పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్ళ లోపు వారికి 776. మూడేళ్ళ వీసాకు మన నలుగురి కుటుంబం 10,866 పౌండ్లు దరఖాస్తుతోనే కట్టాలి. వీసా రుసుము దీనికి అదనం. ఈ భారం యజమాని భరిస్తారా అని ఉద్యోగం ఒప్పుకునే ముందే అడగండి.

రుసుములు తరచు మారతాయి. డబ్బు కట్టే రోజున ఆయా ప్రభుత్వాల అధికారిక ప్రకటన మరోసారి చూడండి. దీనికి విమానం టికెట్లు కలపండి. రెండేళ్ళు నిండిన బిడ్డకు సీటు కొనాలి. అక్కడ ఇంటి అడ్వాన్సు, మొదటి మూడు నెలల ఖర్చు కలపండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటి విదేశానికి పంపితే బ్యాంకు పన్ను ముందుగా వసూలు చేస్తుంది. గుర్తింపు పొందిన బ్యాంకు విద్యా రుణంతో పంపే ఫీజుకు ఇది ఉండదు. వసూలైన సొమ్మును ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

అందరూ ఒకేసారి వెళ్ళాలా?

అమెరికాలో విద్యార్థి భార్య లేదా భర్త ఎఫ్-2 వీసాపై ఉద్యోగం చేయకూడదు, పిల్లలు మాత్రం బడికి వెళ్ళవచ్చు. యూనివర్సిటీ వారి ఖర్చుకు కూడా అదనపు సొమ్ము చూపమంటుంది. బ్రిటన్‌లో 2024 జనవరి 1 నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకు కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలు లేదు. పిల్లల వయసు కూడా ముఖ్యమే. ఆధారపడిన బిడ్డగా కెనడా 22 ఏళ్ళ లోపు వారిని, అమెరికా 21 లోపు వారిని, బ్రిటన్ మామూలుగా 18 లోపు వారిని లెక్కిస్తాయి. ఇంట్లో పి.యు.సి. చదివే బిడ్డ ఉంటే ముందు ఈ తేదీ చూసుకోండి.

ముందు ఒకరు వెళ్ళి కుదురుకున్నాక మిగతావారు వెళ్ళడం అనేక కుటుంబాలకు మేలు. అయితే కెనడా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు వెంట రాని భార్యాపిల్లల వివరాలు కూడా తప్పక రాయాలి. రుసుము తగ్గుతుందని దాచిపెడితే తర్వాత వారిని పిలిపించుకోవడం చాలా కష్టం.

మోసపోవద్దు

విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు మన ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ వివరం ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవచ్చు. నిబంధనల ప్రకారం వారు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. దొంగ సర్టిఫికెట్లు, తప్పుడు బ్యాంకు నిల్వలు చూపిస్తే కెనడా అయిదేళ్ళు, బ్రిటన్ పదేళ్ళ వరకు తలుపులు మూసేస్తాయి. ఏజెంటు చేశాడన్నా శిక్ష మనకే.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విజ్ఞప్తి. విదేశం ఆలోచన ఉన్నా లేకపోయినా ఈ సెలవుల్లో పిల్లలను కూర్చోబెట్టుకొని ఇంట్లోని కాగితాలన్నీ బయటికి తీయండి. జనన పత్రాలు, వివాహ పత్రం, మార్కుల కార్డులు, టీకాల కార్డులు ఒక ఫైలులో పెట్టి, రెండేసి జిరాక్సులు తీయించండి. తేడాలుంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తును పిల్లలచేతనే రాయించండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నుంచి వీసా వరకు ముందుముందు వారికి అవసరమయ్యేది ఈ ఫైలే.