అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అంటే ఎవరు? సంతకానికి ముందు తెలుసుకోండి

చీరల షాపుల్లో కొందరు ఖాతాదారులను లోపలి గదికి తీసుకెళ్లి వేరే సరుకు చూపిస్తారు, గమనించారా? పెట్టుబడుల బజారులోనూ అలాంటి గది ఒకటుంది. అందులోకి వెళ్లడానికి ఇచ్చే చీటీ పేరే ‘అక్రెడిటెడ్ ఇన్వెస్టర్’. మన దేశంలో ఈ పద్ధతిని 2021లో సెబీ తెచ్చింది.

అప్పటి నిబంధనల ప్రకారం ఏడాదికి 2 కోట్ల ఆదాయమైనా ఉండాలి, లేదా అప్పులు పోను ఏడున్నర కోట్ల ఆస్తైనా ఉండాలి. ఆ ఆస్తిలో సగం డిపాజిట్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లలాంటి వాటిలో ఉండాలి. ఏడాది ఆదాయం కోటి ఉన్నవాళ్లకు ఆస్తి 5 కోట్లు చాలు, అందులోనూ సగం ఇలాగే. ఉంటున్న సొంతిల్లు లెక్కలోకి రాదు. నగలు, పొలం ఎంత ఉన్నా ఆ సగానికి పనికిరావు.

మనకెందుకీ కోట్ల లెక్కలు అని పేజీ తిప్పేయకండి. హైదరాబాద్ శివార్లలో పొలం అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకున్న కుటుంబాలు ఎన్ని లేవు! పైగా భార్యాభర్తలు కలిసి పెట్టుబడి పెడితే ఇద్దరి ఆదాయం, ఆస్తి కలిపి చూస్తారు. అంటే మీ పేరున ఉన్న డిపాజిట్లూ లెక్కకొస్తాయి, మీ సంతకమూ కావాలి.

ఇక లాభం సంగతి. పీఎంఎస్‌కు మామూలుగా కనీసం 50 లక్షలు, ఏఐఎఫ్ అనే నిధులకు కనీసం కోటి పెట్టాలి. ఈ చీటీ ఉంటే అంతకంటే తక్కువతోనూ చేరవచ్చు. నాకిది మంచి సౌకర్యంగానే కనిపిస్తోంది. కోటీ ఒకేచోట కుమ్మరించే బదులు నాలుగు చోట్ల పెట్టుకోవచ్చు కదా!

కానీ ‘నష్టం సంగతి తెలుసు, భరించగలను’ అని రాసిచ్చాకే లోపలికి రానిస్తారు. అది ఉత్తుత్తి కాగితం కాదమ్మా. ఏఐఎఫ్‌లలో మొదటి రెండు రకాలకు గడువు కనీసం మూడేళ్లు. అమ్మాయి పెళ్లి కుదిరిందని మధ్యలో వెళ్లి అడిగితే, బ్యాంకు ఎఫ్‌డీలా బ్రేక్ చేసి చేతిలో పెట్టరు.

ఇంకొకటి. సెబీ గుర్తించిన ఏజెన్సీ ఇచ్చే ఈ సర్టిఫికెట్ మీ స్తోమతకు మాత్రమే, మీరు చేరబోయే పథకం మంచిదని కాదు. దానికీ గడువుంటుంది. ‘సర్టిఫికెట్ ఉందండీ’ అని ఏజెంట్ అంటే ‘మాకా, మీ పథకానికా?’ అని అడగండి. డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో, ఏటా ఫీజు ఎంతో, నామినీగా ఎవరి పేరు రాశారో చూసుకోండి. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ఓ జిరాక్స్ మీ బీరువాలో ఉంచుకోండి.